తుఫాను దాటిన ఇంటికి: మైపాడు నుంచి కొత్తపట్నం దాకా

నెల్లూరు, ప్రకాశం తీరంలో ఇంటి వయసు తుఫానుల లెక్కన గుర్తుంటుంది. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫానుకు ముందు కట్టిందా, 1989 కావలి తుఫాను తర్వాత లేపిందా, 2004 సునామీ తర్వాత వచ్చిన కాలనీ ఇల్లా అని అడిగితే ఏ పల్లెపాలెంలోనైనా వెంటనే జవాబు వస్తుంది. ఆ ఇళ్ళలో చాలావాటికి ఇప్పుడు తాళాలున్నాయి. పిల్లలు చెన్నైలోనో హైదరాబాదులోనో స్థిరపడ్డారు. అయినా అమ్మరు, అమ్మబుద్ధి కాదు. అయితే తాళం వేసిన ఇంటిని తుఫాను ఒక్క రాత్రి కొడితే, ఉప్పుగాలి ఏడాది పొడవునా తింటుంది. చిన్నప్పటి ఇల్లు మిగలాలంటే వెళ్ళాలి, వెళ్ళి ఏం చూడాలో తెలిసి ఉండాలి. ఈ యాత్ర ఆ చూపు కోసమే.

బయల్దేరడానికి సంక్రాంతి వెళ్ళిన వారం మంచిది. ఇక్కడ వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, పెద్ద తుఫానులు నవంబరు చుట్టూ వస్తాయి. జనవరికి ఆకాశం తేరుకుంటుంది, గోడలు ఆరడం మొదలవుతుంది, తుఫాను చేసిన గాయం ఇంకా పచ్చిగానే కనబడుతుంది. సంచిలో అరకిలో సుత్తి, టార్చి, కొలత టేపు, నీటిలో కరిగిన ఉప్పును కొలిచే టీడీఎస్ మీటరు, కొబ్బరి పీచు బ్రష్షు, మందపాటి చేతి తొడుగులు, సీలు తీయని బ్లీచింగ్ పౌడరు ప్యాకెట్టు, ఇంటి కాగితాల జిరాక్సులు ఉండాలి. బ్లీచింగ్ పౌడరు ఊళ్ళో కొనుక్కోవచ్చులే అనుకోవద్దు. ఉప్పుగాలికి తెరిచి పెట్టిన పొడిలో ఘాటు పోతుంది, ఘాటు పోయిన పొడి సున్నంతో సమానం.

మొదటి రోజు: నెల్లూరు నుంచి మైపాడు

నెల్లూరులో మైపాడు గేటు సెంటరుకు వస్తే బస్సులు, షేర్ ఆటోలు దొరుకుతాయి. ఇరవై కిలోమీటర్లకు కొంచెం పైన. ఇందుకూరుపేట దాటాక దారికి రెండు పక్కలా వరి తగ్గి రొయ్యల గుంటలు పెరుగుతాయి. వాటిని ఊరికే చూసి వదిలెయ్యకండి. మీ పాత ఇంటి బావి ఉప్పదేలిందంటే సముద్రాన్ని తిట్టే ముందు పక్క పొలంలో కొత్తగా గుంట తవ్వారేమో కనుక్కోవాలి. తీరం ఇసుక నేల కాబట్టి గుంటలో నిలవబెట్టిన ఉప్పునీరు పక్కకు ఊరుతుంది.

తీరానికి సమాంతరంగా సాగే బకింగ్‌హాం కాలువ ఈ ప్రాంతానికి చాలా ఏళ్ళు సరుకుల దారి. 1806లో చెన్నపట్నం దగ్గర ముక్కగా మొదలై, పెరుగుతూ వచ్చి, 1878లో ఆ పేరు తెచ్చుకుంది. ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయి ఉంది. కానీ 2004 డిసెంబరు 26న, ఆదివారం, పౌర్ణమి నాడు, ఉదయం 6 గంటల 28 నిమిషాలకు సుమత్రా దగ్గర భూమి కదిలి ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో నీళ్ళు ఈ తీరం మీద పడ్డప్పుడు, లోపలికి వచ్చిన అలను చాలాచోట్ల ఈ కాలువే పట్టి నిలిపింది. కాలువకు పడమర ఉన్న ఇళ్ళకూ తూర్పున ఉన్న ఇళ్ళకూ ఆ రోజు తేడా కనబడింది. మీ ఇల్లు కాలువకు ఏ పక్కన ఉందో, ఎంత దూరమో మొదటి రోజే నడిచి కొలుచుకోండి.

సాయంత్రం ఒడ్డున కూర్చోవాల్సిందే. ఎంత దూరం నుంచి వచ్చినా ఆ గాలి ముఖానికి తగిలితే ప్రయాణ బడలిక పోతుంది. నీళ్ళలోకి మాత్రం మోకాలి లోతు మించి దిగవద్దు. మైపాడులో లోపలికి లాగే నీరు గట్టిది, చిన్నప్పుడు ఈదిన చోటే ఇప్పుడు ఇసుక మేట మారిపోయి ఉంటుంది.

రెండో రోజు: ఇంటి ఒంటి మీద చెయ్యి వేసి చూడటం

తాళం తీసిన వెంటనే లోపలికి పోవద్దు. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి గంటసేపు వదిలెయ్యండి. చూరు కింద, కూలిన పెంకుల కింద, నీళ్ళ తొట్టి పక్కన పాములు, తేళ్ళు ఉంటాయి. కర్రతో తట్టి చప్పుడు చేశాకే అడుగు పెట్టాలి. కరెంటు మెయిన్ ఆపే ఉంచండి. ఉప్పునీరు తగిలిన స్విచ్చుబోర్డులు ఆరినట్టు కనబడినా లోపల ఇత్తడి ముక్కలు పచ్చబారి ఉంటాయి. బాగుచేయించాలని చూడకుండా మార్చెయ్యడమే క్షేమం.

గోడ మీద నీటి చార వెతకండి. తుఫాను నీరు ఎంత ఎత్తున నిలిచిందో అది చెబుతుంది. ఆ చారకు పైన కూడా రెండు మూడు అడుగుల మేర తెల్లగా దూది పూసినట్టు ఉప్పు పొంగి ఉంటుంది, ఎందుకంటే ఇటుక కింది తడిని పైకి పీలుస్తుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు అక్కడే గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు ఉబ్బి ఇటుక ముఖాన్ని పొడిపొడిగా రాలుస్తుంది. ఇక్కడ అందరూ చేసే పని, ఆ గోడకు వెంటనే సిమెంటు పూత పూయించి పైన రంగు వేయించడం. రెండేళ్ళు కూడా ఆగదు. సిమెంటు పూత తడిని బయటికి పోనివ్వదు, లోపలున్న ఉప్పు ఇంకా పైకి పాకి పూతనంతా పలకలుగా ఊడదీస్తుంది. ఈసారి పూతతో పాటు ఇటుక కూడా వస్తుంది.

చేయాల్సింది ఇది. పొంగిన ఉప్పును పొడిగా ఉండగానే పీచు బ్రష్షుతో రాల్చి, గోనె మీద పట్టి, ఊరవతల పారబోయాలి. తడిగుడ్డతో తుడిస్తే కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. నేల మీద వదిలేసినా అంతే. వారం ఆగితే మళ్ళీ పొంగుతుంది, మళ్ళీ రాల్చాలి. పొంగు తగ్గుతూ వచ్చాక సున్నం పూత, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక. సున్నం కనీసం వారం రోజులు నీళ్ళలో నానాలి. మన తాతలు గుల్ల సున్నం వాడింది చవక అని మాత్రమే కాదు, సున్నం పూత ఊపిరి పీలుస్తుంది, గోడకు బదులు తానే ఉప్పును తిని రాలిపోతుంది. నాలుగైదేళ్ళకు పూత మారుస్తారు, గోడ ఉంటుంది. ఇసుక మాత్రం పెన్నాది తెప్పించాలి. ఇంటి ముందున్న సముద్రపు ఇసుకే కదా అని కలిపితే ఉప్పును మన చేత్తో మనమే గోడలో పెట్టినట్టు.

స్లాబు ఇళ్ళ సంగతి వేరు, ఇంకా ప్రమాదం. టార్చి వెలుగు స్లాబు అడుగున ఏటవాలుగా పడేలా పట్టుకోండి. కడ్డీ ఉన్న దారినే సన్నటి గీత పోయి, దాని పక్కన ఎర్రటి మరక ఉంటే లోపల ఇనుము తుప్పు పట్టినట్టే. తుప్పు అసలు ఇనుము కన్నా ఎన్నో రెట్లు చోటు తీసుకుంటుంది, ఆ ఉబ్బుకే కాంక్రీటు పెచ్చులు ఊడిపడతాయి. కిటికీల పైనున్న సన్‌షేడ్లు, స్లాబు అంచులు, స్తంభాల కింది రెండడుగులు ముందు పోతాయి. సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోండి. గట్టి కాంక్రీటు ఠంగుమంటుంది, విడిపోయింది డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికిన చోటల్లా సుద్దతో గుండ్రంగా గీత గీసి ఫోటో తీసి పెట్టుకుంటే వచ్చే ఏడాది ఆ గీత ఎంత పెరిగిందో తెలుస్తుంది.

మరమ్మతు చేసే మేస్త్రీతో మాట ముందే ఖాయం చేసుకోవాలి. పెచ్చును కడ్డీ పైభాగం కనబడేదాకా కొట్టి ఊరుకుంటే చాలదు, కడ్డీ వెనక కూడా అంగుళం మేర చెక్కెయ్యాలి. తీగ బ్రష్షుతో తుప్పంతా రాలి లోహం మెరిసేదాకా రుద్దాలి. కడ్డీ మందం కంటికి తెలిసేంత తగ్గి ఉంటే కొత్త కడ్డీ జత చేయాలి. తర్వాత తుప్పు నిరోధక పూత, ఆ పైన పాలిమర్ కలిపిన మోర్టారు. ఇంతా చేసినా పూసిన ముక్కకు ఆనుకుని ఉన్న పాత భాగంలో తుప్పు వేగం పుంజుకుంటుంది. అందుకే డొల్ల పలికిన హద్దు దాటి ఇంకో జానెడు మేర కొట్టించమనేది. కొత్తగా గది వేసుకునేవాళ్ళు గుర్తుంచుకోవాల్సిన లెక్క: అల తుంపర తగిలే చోట కనీసం ఎం 35 రకం గట్టి కాంక్రీటు, కడ్డీని కప్పుతూ 50 మిల్లీమీటర్ల కవరు ఉండాలని మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఊళ్ళో మామూలుగా వదిలేది అందులో సగం కూడా ఉండదు.

మూడో రోజు: పెన్నా దాటి రామతీర్థం, బావి ముచ్చట

మైపాడు నుంచి రామతీర్థం సముద్రం వెంట దగ్గరే అనిపిస్తుంది, కానీ మధ్యలో పెన్నా సముద్రంలో కలిసే చోటు ఉంది. నెల్లూరుకు వెనక్కి వచ్చి, వంతెన మీద కోవూరు చేరి, విడవలూరు మీదుగా పోవాలి. ఇదే పెన్నా 2021 నవంబరులో పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టను కోసేసింది, జాతీయ రహదారినీ తెంపింది. తీరంలో ఉన్నవాళ్ళకు నీళ్ళు తూర్పు నుంచే రావాలని లేదు. రామతీర్థంలో కామాక్షీ సమేత రామలింగేశ్వరస్వామి గుడి సముద్రానికి దగ్గర్లోనే ఉంది. దర్శనం చేసుకుని ఇళ్ళ మధ్యలోకి నడిస్తే సిమెంటు వరల బావులు కనిపిస్తాయి.

ఈ తీరంలో తీపి నీరు ఉప్పు నీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు తీపి నీరు నిలిచిందంటే, కింద దాదాపు నలభై అడుగుల దాకా తీపి నీరుండే వీలుంటుంది. పైన ఒక్క అడుగు తగ్గిందా, కింది ఉప్పునీరు నలభై అడుగులు పైకి జరుగుతుంది. ఈ ఒక్క లెక్క తెలిస్తే బావి దగ్గర ఏ పొరపాటూ జరగదు. "అబ్బయా, బావి మాత్రం లోతు తియ్యబాకండి" అని ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పే మాటలో ఉన్నది ఇదే.

ఉప్పెన నీరు పడ్డ బావిని పెద్ద మోటారు పెట్టి అడుగు కనబడేదాకా తోడించడం మొదట తోచే పని, చేయకూడని పని కూడా. ఖాళీ అయిన బావిలోకి కింది నుంచి ఉప్పునీరు ఎగదన్నుతుంది, ఇసుక జారి వరలు వంకరపోతాయి. సునామీ తర్వాత శ్రీలంక తూర్పు తీరంలో ఇలా మళ్ళీ మళ్ళీ తోడి బావులను ఇంకా పాడుచేసుకున్నారు. అక్కడ నీటిని బాగుచేసింది వానలే. అందుకే పైన తేలే చెత్త, అడుగున చేరిన బురద తీసి, ఒక్క బావెడు నీళ్ళు చేదతో నింపాదిగా తోడి వదిలెయ్యండి. మోటారే వాడాల్సివస్తే పైపు మూతి నీటి మట్టానికి అడుగు కిందనే ఉంచి, అరగంట నడిపి ఆపాలి.

క్రిముల కోసం క్లోరిన్ వేసే ముందు బావిలో నీళ్ళెన్నో తెలియాలి. బావి వెడల్పును అడుగుల్లో కొలిచి, దాన్ని దానితోనే హెచ్చవేసి, నీటి లోతుతో హెచ్చవేసి, 22తో హెచ్చవేస్తే లీటర్లు వస్తాయి. మూడడుగుల వరల బావిలో ఆరడుగుల నీరుంటే 1,200 లీటర్లకు కొంచెం తక్కువ. వరద తాకిన బావికి మొదటిసారి 1,000 లీటర్లకు 150 గ్రాముల చొప్పున మంచి బ్లీచింగ్ పౌడరు కావాలి, అంటే దీనికి 180 గ్రాములు. దాన్ని నేరుగా బావిలో చల్లవద్దు. రెండు బకెట్లలో సగం సగం వేసి, కొద్ది నీళ్ళతో ముద్దగా కలిపి, నీళ్ళు నింపి పది నిమిషాలు వదిలితే సున్నం అడుక్కు దిగుతుంది. పైన తేరుకున్న నీటిని మరో బకెట్లోకి వంచి, తాడుతో బావిలోకి దించి పైకీ కిందికీ నాలుగైదు సార్లు కదపాలి. ఒక రాత్రి ఆగి, వాసన తగ్గేదాకా తోడి, తర్వాతే వాడకం. ఆపై మామూలు రోజుల్లో 1,000 లీటర్లకు 2.5 గ్రాములు చాలు. క్లోరిన్ క్రిములను చంపుతుంది గానీ ఉప్పును తగ్గించదు, ఈ రెండిటినీ కలిపేసుకుని మోసపోయేవాళ్ళు ఎక్కువ.

ఉప్పు సంగతి టీడీఎస్ మీటరు చెబుతుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు తాగడానికి మేలు, వేరే దారి లేకపోతే 2,000 దాకా చెల్లుతుందని మన ప్రమాణం. అయితే జనవరిలో చూసిన అంకె చూసి సంబరపడవద్దు. వానలు కడిగి వెళ్ళాక తీపి నీరు నిండుగా ఉండే కాలం ఇది. బావి నిజం మే నెలలో బయటపడుతుంది.

నాలుగో రోజు: కావలి, తుమ్మలపెంట, రామాయపట్నం

నెల్లూరు నుంచి కావలికి రైలు సుఖం. కావలి నుంచి తుమ్మలపెంట తీరానికి ఆటోలు పోతాయి. గల్ఫ్ ఆఫ్ థాయిలాండ్‌లో పుట్టిన 'గే' తుఫాను మలయా ద్వీపకల్పాన్ని దాటుకుని, బంగాళాఖాతమంతా ఈదుకుంటూ వచ్చి 1989 నవంబరు 8 రాత్రి పడింది ఇక్కడే. గంటకు 230 కిలోమీటర్ల పైబడిన గాలి. ఇప్పటికీ దాన్ని కావలి తుఫాను అనే అంటారు.

అలాంటి గాలికి ముందు పోయేది పైకప్పు, అదీ మూలల దగ్గర, కొప్పు దగ్గర. గాలి కప్పును కిందికి నొక్కుతుందనుకుంటాం, నిజానికి పైకి పీకుతుంది. రేకుల ఇంటికి జె ఆకారపు కొక్కేలు పీకుడుకు సాగి తెరుచుకుంటాయి, యు బోల్టులు నిలుస్తాయి. అంచుల్లో, మూలల్లో మధ్యలో కన్నా రెట్టింపు దగ్గరగా బిగించాలి. చూరు అడుగున్నర మించి బయటికి వస్తే గాలికి అదే పిడి అవుతుంది. పాత చుట్టిళ్ళను చూడండి. మధ్యలో నిట్రాడ, చుట్టూ మట్టి గోడ, నిటారుగా పైకి పోయే తాటాకు కప్పు, మనిషి వంగి దూరాల్సినంత కిందికి దిగిన చూరు. గాలికి పట్టు దొరికే మూల ఒక్కటి కూడా లేదు. మట్టి గోడకు నీళ్ళు నిలిస్తే ప్రమాదమే, గాలికి మాత్రం ఇంతకన్నా తెలివైన ఇల్లు ఈ తీరంలో ఎవరూ కట్టలేదు.

మధ్యాహ్నం రామాయపట్నం. ఇక్కడా కృష్ణపట్నంలోనూ ఓడరేవు గోడలను సముద్రంలోకి పొడుచుకుపోయేలా కట్టారు. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. అడ్డంగా గోడ పడితే దాని దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన కోత పడుతుంది. మీ పాలెం రేవు గోడకు ఉత్తరాన ఉంటే తుఫాను లేని ఏడాది కూడా ఒడ్డు వెనక్కి జరగవచ్చు. ఇంటి మెట్టు నుంచి పోటు గీత, అంటే పోటు నీరు వచ్చి ఆగే హద్దు దాకా టేపుతో కొలిచి తేదీతో రాసిపెట్టుకోండి, ప్రతి ఏడాది అదే నెలలో, అదే తిథికి. పౌర్ణమికీ అష్టమికీ పోటు ఒకటి కాదు.

కాగితాల పనికీ ఈ ఊరే సరైన చోటు. ఈ ఊరున్న కందుకూరు ప్రాంతం 1970లో నెల్లూరు నుంచి విడిపోయి కొత్త జిల్లాలో చేరింది. ఆ జిల్లాకు తర్వాత ప్రకాశం పేరు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఇదే ప్రాంతాన్ని మళ్ళీ నెల్లూరులో కలిపారు. తాత దస్తావేజు మీద ఒక జిల్లా, నాన్న పట్టా మీద ఇంకో జిల్లా ఉంటే కంగారు పడనక్కర్లేదు. సర్వే నంబరు, గ్రామం పేరు కలిస్తే చాలు. తీరప్రాంత నియంత్రణ నిబంధనల కింద పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా కట్టడాలకు హద్దులున్నాయి. పల్లెల్లో మొదటి 200 మీటర్లు సాధారణంగా కొత్త కట్టడాలకు చెల్లవు, అనుమతితో ఉన్న పాత ఇంటిని అదే పునాది కొలతలో తిరిగి కట్టుకోవచ్చు. అందుకే పాత ఇల్లు పూర్తిగా కూలకముందే దాని కొలతలు, ఫోటోలు, పాత పన్ను రసీదులు ఒకచోట చేర్చాలి. ఇల్లు ఉండేదని రుజువు చేసుకోవడం కన్నా ఉన్న ఇంటిని చూపించడం సులువు.

ఐదో రోజు: ఒంగోలు మీదుగా కొత్తపట్నం

ఒంగోలు నుంచి కొత్తపట్నం దగ్గరే. ఒడ్డుకు చేరబోతుంటే ఇసుక దిబ్బలు, సర్వి (సరుగుడు) తోటలు, వాటి మధ్య దొరువులు. దొరువంటే ఇసుకలో పైన వెడల్పుగా, కిందికి పోయేకొద్దీ ఇరుకుగా తవ్విన గుంట. అడుగున చేరిన తీపి నీటిని రెండు కుండలతో ముంచి, కావడి మోసి మొక్కలకు పోస్తారు. పై నీటిని మాత్రమే తీసుకుంటుంది కాబట్టి ఉప్పు పైకి రాదు. బాపట్ల శాస్త్రవేత్తలు ఇదే ఆలోచనను పెంచి, ఇసుకలో చిల్లుల గొట్టాలను అడ్డంగా పరిచి, మధ్యలో ఉన్న బావిలోకి నీరు మెల్లగా చేరేలా చేశారు. ఇంటి పెరట్లో నాలుగు కొబ్బరి చెట్లు, ఆకుకూరల మడి ఉన్నవాళ్ళకు బోరు కన్నా దొరువే మేలు. బోరు వేసిన రెండు మూడేళ్ళకే ఉప్పదేలిన పెరళ్ళు తీరమంతా ఉన్నాయి.

దిబ్బను ఇంటికన్నా ముందు కాపాడుకోవాలి. దాని మీద పాకే బాలబంద తీగ, ఊదారంగు పూలతో, ఇసుకను వేళ్ళతో కుట్టినట్టు పట్టి ఉంచుతుంది. సముద్రం కనబడాలని దిబ్బను కోసి తిన్నగా బాట వేస్తే ఉప్పెనకు తలుపు తెరిచినట్టే, అల ఆ సందులోంచే ఇంటి మీదికి వస్తుంది. బాట కావాలంటే ఏటవాలుగా, వంపు తిప్పి వేసుకోవాలి. సర్వి గాలిని నెమ్మదింపజేస్తుంది కానీ వేరు పైపైనే ఉండి పెద్ద గాలికి పడిపోతుంది, అందుకే ఇంటికి చెట్టు ఎత్తుకన్నా దగ్గరగా నాటకూడదు. ఉప్పునీరు నిలిచినా బతికేవి తాడి, కొబ్బరి. మునగ, మామిడి ఆకు అంచు మాడి పోతాయి. ఇసుక నేల అయితే ఒక మంచి వానాకాలానికి ఉప్పు దిగిపోతుంది, మళ్ళీ నాటవచ్చు. నల్లరేగడి కలిసిన చోట ముందు జిప్సం చల్లాలి. తాటి టెంకలు పండు రాలే ఆగస్టు, సెప్టెంబరుల్లో, జానెడు లోతున, నాటాలనుకున్న చోటే పాతాలి. తాడిని పీకి మరోచోట నాటితే బతకదు.

తిరుగు ప్రయాణానికి ముందు ఊళ్ళో ఒకరికి తాళం చెవి ఇచ్చి, నెలకోసారి కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వమని అడిగి, అందుకు కూలి మాట్లాడుకోండి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో కూడా అప్పుడే అనుకోవాలి. వాతావరణ శాఖ 48 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది, 24 గంటల ముందు తుఫాను హెచ్చరిక ఇస్తుంది. రేకులకు తాళ్ళు బిగించడానికి, ట్యాంకు నిండా నీళ్ళు పెట్టడానికి మొదటి హెచ్చరికే సమయం, రెండోదానికి గాలి మొదలై ఉంటుంది.

మళ్ళీ వెళ్ళాల్సింది మే నెలలో, బావి నీటి అంకె రాసుకోవడానికి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం కాబట్టి మగవాళ్ళు పాలెంలోనే వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. కప్పు తాళ్ళు మార్చడానికి, తాటాకు నేయడానికి పనిమనుషులు దొరికేది ఆ రెండు నెలల్లోనే. అప్పటికి ఉలవపాడు మామిడిపండు కూడా వచ్చి ఉంటుంది.